జ్వరానికి పరీక్ష ఇచ్చిన వైడాల్

జ్వరం వారం దాటితే మన ఊళ్లలో నేటికీ వినిపించే మాట 'వైడాల్ టెస్ట్'. అది ఒక డాక్టరుగారి పేరని మన బడి పిల్లలకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఫెర్నాండ్ వైడాల్ 1862లో అల్జీరియాలో పుట్టారు, పారిస్‌లో వైద్యులుగా స్థిరపడ్డారు. టైఫాయిడ్ రోగి సీరంలో ఆ సూక్ష్మజీవులను కలిపితే అవి ఒకదానికొకటి అంటుకుని గుంపు కడతాయి. 1896లో ఆయన దీన్ని రోగనిర్ధారణ పరీక్షగా మలిచారు. కిడ్నీ జబ్బుల్లో ఉప్పు తగ్గించడం మీదా పరిశోధించారు. 1929లో కన్నుమూశారు.

ఇంజనీరుగా నాకు తెలిసిందొకటి: కొలిచే సాధనం ఏదైనా దానికో హద్దుంటుంది. ఎప్పుడో వచ్చిన టైఫాయిడ్ గానీ, వేయించుకున్న టీకా గానీ ఈ పరీక్షను పాజిటివ్‌గా చూపవచ్చు. అందుకే మిత్రులారా, ఒక్క కాగితం చూసి యాంటీబయాటిక్ మింగకండి. బ్లడ్ కల్చర్ అవసరమా అని డాక్టరుగారిని అడగండి.