కాకినాడ మెడికల్ కాలేజీకి దేహాన్ని రాసిచ్చిన ఇంగ్లిష్ సైంటిస్ట్.. ఎవరీ హాల్డేన్?

1964 డిసెంబర్ 1. భువనేశ్వర్‌లో ఓ ప్రపంచ ప్రఖ్యాత శాస్త్రవేత్త క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు దహనం లేదు, ఖననం లేదు. దేహం నేరుగా కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి చేరింది. ఆయనే జె.బి.ఎస్. హాల్డేన్. మనిషి జన్యువులో తప్పు ఎంత తరచుగా పడుతుందో తొలిసారి లెక్కగట్టిన వ్యక్తి. చివరికి ఆయన ప్రాణం తీసిందీ కణాల్లో పడే అలాంటి తప్పులే.

సైన్స్ డిగ్రీ లేని సైంటిస్ట్

హాల్డేన్ 1892 నవంబర్ 5న ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్త. కొడుకుని చిన్నప్పుడే ప్రయోగాల్లోకి దింపారు. విచిత్రం ఏంటంటే, హాల్డేన్ కాలేజీలో చదివింది గణితం, గ్రీకు, లాటిన్. సైన్స్‌లో డిగ్రీయే లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పోరాడారు. 1933లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో జెనెటిక్స్ ప్రొఫెసర్ అయ్యారు.

చెరువు లెక్క

అప్పట్లో హీమోఫీలియా ఉన్న మగపిల్లలు చాలామంది పెళ్లీడు రాకముందే చనిపోయేవారు. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని జబ్బు అది. మరి ఆ జన్యువు ఎప్పుడో అంతరించిపోవాలి కదా? కానీ రోగుల సంఖ్య తగ్గలేదు. తూములోంచి నీరు పోతున్నా చెరువు మట్టం తగ్గట్లేదంటే ఎక్కడినుంచో కొత్త నీరు వస్తున్నట్టే. హాల్డేన్ పట్టుకున్న కిటుకు ఇదే. జన్యువులో కొత్త మార్పులు, అంటే మ్యుటేషన్లు, పుడుతూనే ఉన్నాయని తేల్చారు. తరానికి సుమారు 50 వేల జన్యు ప్రతులకు ఒకటి అని 1935లో అంచనా వేశారు. ఈ మార్పులు తల్లి కంటే తండ్రి వైపు నుంచే ఎక్కువగా వస్తాయని 1947లో చెప్పారు.

ఒక్క అక్షరం మారితే ఏమవుతుంది?

కణం జన్యువుని మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. కమల, పడవ, నడక అని రాసి ఉందనుకోండి. పడవలో ఒక్క అక్షరం మారితే పడక అవుతుంది, అర్థమే మారిపోతుంది. అదే ఒక అక్షరం ఊడిపోతే? కమప, డవన, డక.. అక్కడినుంచి అంతా గజిబిజే. ఇల్లు అన్నా యిల్లు అన్నా ఒకటే అయినట్టు, కొన్ని మార్పులతో ఏ నష్టమూ ఉండదు. ఒక్కోసారి మొత్తం పేజీలే తారుమారవుతాయి. రెండు క్రోమోజోముల ముక్కలు అటూఇటూ మారి ఒక రకం బ్లడ్ క్యాన్సర్ వస్తుంది.

క్యాన్సర్‌లో ముఖ్యంగా రెండు రకాల జన్యువులు దెబ్బతింటాయి. రాస్ లాంటివి యాక్సిలరేటర్లు. ఒక్క అక్షరం మారితే నొక్కినట్టే ఉండిపోతాయి. పి53 లాంటివి బ్రేకులు. అవి ఫెయిలైతే కణాలు ఆగకుండా పెరుగుతాయి. అయితే ఒక్క మ్యుటేషన్‌తోనే సాధారణంగా క్యాన్సర్ రాదు. ఏళ్ల తరబడి కొన్ని తప్పులు ఒకే కణంలో పోగుపడాలి. వయసుతో పాటు రిస్క్ పెరగడానికి కారణం ఇదే. తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యు లోపం వల్ల వచ్చే క్యాన్సర్లు 5 నుంచి 10 శాతమే. మిగతావాటికి మూలం చాలావరకు జీవితకాలంలో పడిన తప్పులే.

తార్నాకలో అదే వెతుకులాట

హైదరాబాద్ ఉస్మానియా క్యాంపస్‌లో జెనెటిక్స్ విభాగం ఉంది. పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. 1974లో రాజస్థాన్, గుజరాత్‌ పల్లెల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని జనం కాలేయం దెబ్బతిని చనిపోయినప్పుడు పరిశోధించింది ఈ సంస్థే. కారణం అఫ్లాటాక్సిన్ అనే విషం. అదే విషం కొద్దికొద్దిగా ఏళ్లపాటు ఒంట్లోకి చేరితే పి53 జన్యువులో ఒక అక్షరాన్ని మార్చి కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్న పారేయాలని చెప్పేది అందుకే.

ఇండియానే సొంతిల్లు

1957లో హాల్డేన్ భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. కుర్తా తొడిగారు, మాంసం మానేశారు, భారత పౌరసత్వం తీసుకున్నారు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడే. తర్వాత భువనేశ్వర్‌లో జెనెటిక్స్ ల్యాబ్ పెట్టారు.

అంతలో పెద్దపేగు చివర, మలద్వారం దగ్గర క్యాన్సర్ బయటపడింది. 1964 మొదట్లో లండన్‌లో ఆపరేషన్ అయింది. ఆస్పత్రి మంచం మీదే తన జబ్బు మీద నవ్వుతూ ఓ కవిత రాశారు. భయపడి దాచుకోవద్దు, త్వరగా డాక్టర్‌కు చూపించుకోండన్నది దాని సారం. కొందరు రోగులు ఆ జోకులకు నొచ్చుకున్నారు కూడా. కానీ మలంలో రక్తం కనిపిస్తే మొలలేలే అని వదిలేసే అలవాటు నేటికీ పోలేదు. తొలి దశలో దొరికితే ఈ క్యాన్సర్ నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ.

హాల్డేన్‌కు ఆ అదృష్టం దక్కలేదు. జబ్బు తిరగబెట్టి 72 ఏళ్ల వయసులో చనిపోయారు. బతికుండగా పాఠాలు చెప్పిన ప్రొఫెసర్, పోయాక కాకినాడ విద్యార్థులకు తానే పాఠమయ్యారు.