ఒకే గేటు

బెస్సీ కోల్‌మన్ జీవితంలో నన్ను ఆపేది ఆకాశం కాదు, నేలమీది ఒక గేటు. 1892లో టెక్సాస్‌లో పుట్టి, పత్తిచేలలో పెరిగి, షికాగో క్షౌరశాలలో గోళ్లు దిద్దిన ఆమెను అమెరికా విమాన పాఠశాలలు చేర్చుకోలేదు. ఫ్రెంచి నేర్చుకుని ఫ్రాన్స్ వెళ్లారు. 1921 జూన్ 15న పైలట్ లైసెన్సు పొందిన తొలి నల్లజాతి అమెరికన్ మహిళ అయ్యారు.

తాను పెరిగిన వాక్సహాచీలో విమాన విన్యాసాలకు పిలిచినవారు నల్లవారికి, తెల్లవారికి వేర్వేరు గేట్లు పెట్టబోయారు. అందరికీ ఒకే గేటు ఉంటేనే ఎగురుతానన్నారామె. వారు ఒప్పుకున్నారు; లోపల కూర్చునే చోట్లు మాత్రం విడిగానే ఉంచారు. ఒకే గుమ్మం, వేరు పంక్తి మనకు కొత్త కాదు. అందుకే ఆ సగం గెలుపును నేను తేలిగ్గా తీసుకోలేను.

నల్లవారికోసం విమాన పాఠశాల స్థాపించాలన్నది ఆమె సంకల్పం. 1926 ఏప్రిల్ 30న జాక్సన్‌విల్‌లో, మరుసటి ప్రదర్శనకు సిద్ధమవుతూ విమానం నుంచి పడి మరణించారు. అప్పటికి ఆ పాఠశాల మొదలుకాలేదు.