కాలం విలువ ఎరిగిన ఫ్రాంక్లిన్

ధనం అందరికీ సమానంగా దొరకదు. కాలం మాత్రం రోజుకు 24 గంటల చొప్పున అందరికీ సమానంగానే దొరుకుతుంది. ఆ గంటలను జాగ్రత్తగా వాడుకొని, పేదరికం నుంచి పైకి వచ్చి, వ్యాపారంలోను, విజ్ఞానంలోను, ప్రజాసేవలోను పేరు పొందినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్.

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17న అమెరికాలోని బోస్టన్ నగరంలో జన్మించాడు. ఆ ప్రాంతం అప్పుడు ఇంగ్లండు పాలనలో ఉండేది. తండ్రి జోసయా సబ్బులు, కొవ్వొత్తులు తయారుచేసి అమ్మేవాడు. ఆయనకు 17 మంది సంతానం. వారిలో బెంజమిన్ 15వ వాడు. అంత పెద్ద కుటుంబంలో చదువులకు డబ్బు మిగిలేది కాదు. అందువల్ల బెంజమిన్ బడిచదువు రెండేళ్లతోనే ముగిసింది. పదేళ్ల వయసులో తండ్రి దగ్గర కొవ్వొత్తులకు వత్తులు కత్తిరించే పనిలో చేరాడు. 12వ ఏట అన్న జేమ్స్ నడిపే అచ్చుకూటంలో పని నేర్చుకోవడానికి కుదిరాడు.

పగలంతా పని. పుస్తకాలు కొనే స్తోమత లేదు. అయినా చదవాలనే కోరిక బలంగా ఉండేది. పుస్తకాల దుకాణాల్లో పనిచేసే కుర్రవాళ్లతో స్నేహం చేసి, సాయంత్రం పుస్తకం తెచ్చుకొని, రాత్రి చాలాసేపు మేలుకొని చదివి, తెల్లవారగానే తిరిగి ఇచ్చేవాడు. కొంతకాలానికి మాంసాహారం మానివేశాడు. తన భోజనానికి అన్న చెల్లించే సొమ్ములో సగం తన చేతికే ఇమ్మని అడిగాడు. అందులోనూ సగం మిగిల్చి పుస్తకాలు కొన్నాడు. మధ్యాహ్నం తక్కినవారు భోజనానికి వెళ్లినప్పుడు రొట్టె ముక్కో, గుప్పెడు ఎండుద్రాక్షలో తిని, మంచినీళ్లు తాగి, వారు తిరిగి వచ్చేలోగా చదువుకొనేవాడు. ఆ విధంగా డబ్బు, కాలం రెండూ మిగిలాయి.

1723లో అన్నను విడిచి ఫిలడెల్ఫియా చేరుకున్నాడు. తరువాత లండన్ అచ్చుకూటాల్లో పనిచేసి 1726లో తిరిగి వచ్చాడు. 1728లో ఒక మిత్రునితో కలిసి ఫిలడెల్ఫియాలో సొంత అచ్చుకూటం పెట్టాడు. ఆ ఊళ్లో అప్పటికే రెండు అచ్చుకూటాలున్నాయి. మూడవది నిలవదని చాలామంది అనుకున్నారు.

ఆ రోజుల్లో ఒక పెద్ద గ్రంథంలో కొంత భాగం అచ్చువేసే పని దొరికింది. రోజుకు ఒక ఫారం అక్షరాలు కూర్చి తీరాలని ఫ్రాంక్లిన్ నియమం పెట్టుకున్నాడు. ఒక రాత్రి ఆనాటి పని ముగిసిందనుకొనే సమయానికి, కూర్చిన అచ్చు విరిగి, రెండు పుటల అక్షరాలు కలగాపులగమయ్యాయి. రేపు చూసుకోవచ్చునని ఆయన పడుకోలేదు. అక్షరాలన్నీ ఏరి, మళ్లీ కూర్చి, ఆ తరువాతే నిద్రపోయాడు. రాత్రి పొద్దుపోయాక కూడా ఆ అచ్చుకూటంలో పని సాగడం, ఊరు లేవకముందే మళ్లీ మొదలుకావడం ఇరుగుపొరుగువారు గమనించారు. ఆ మాట వర్తకుల చెవిన పడింది. వారిలో ఒకరు తనంతట తానే సరుకు అరువు ఇవ్వడానికి ముందుకు వచ్చాడు.

పని పెరిగినా ఫ్రాంక్లిన్ తీరు మారలేదు. కొన్న కాగితాన్ని ఒక్కొక్కసారి చేతిబండి మీద తానే తోసుకొని వచ్చేవాడు. 1729లో పెన్సిల్వేనియా గెజెట్ పత్రికను చేపట్టాడు. 1732 నుంచి పూర్ రిచర్డ్ అనే పంచాంగాన్ని ప్రచురించాడు. అది ఏటా దాదాపు 10,000 ప్రతులు అమ్ముడుపోయేది.

ఆయన తన కోసం ఒక దినచర్య రాసుకున్నాడు. దాని ప్రకారం ఉదయం 5 గంటలకు లేవాలి. ప్రార్థన చేసుకొని, ఆ రోజు చేయదగిన మంచి పని ఏదో ఆలోచించుకోవాలి. చదువు, ఫలహారం ముగించి 8 నుంచి 12 వరకు పనిచేయాలి. ఆ తరువాత రెండు గంటలు భోజనానికి, చదువుకు, లెక్కలు చూసుకోవడానికి. మళ్లీ 2 నుంచి 6 వరకు పని. సాయంత్రం వస్తువులన్నీ వాటివాటి చోట సర్దాలి. భోజనం, సంగీతం, స్నేహితులతో ముచ్చట్లు అయ్యాక, ఆ రోజు చేసిన మంచి ఏమిటో తనను తాను ప్రశ్నించుకోవాలి. 10 గంటలకు నిద్ర.

మితాహారం, క్రమం, పొదుపు, శ్రమ వంటి 13 గుణాలను ఒక చిన్న పుస్తకంలో గడులు గీసి రాసుకున్నాడు. వారానికి ఒక గుణం మీద మనసు నిలిపేవాడు. తప్పు జరిగిన రోజున ఆ గడిలో నల్లచుక్క పెట్టేవాడు. చుక్కలు తుడిచి తుడిచి కాగితాలకు చిల్లులు పడ్డాయి. అన్నిటిలోకి క్రమమే ఆయనకు కష్టమైంది. ఖాతాదారులు తమకు వీలైన వేళకు వచ్చేవారు గాని, ఆయన పట్టిక ప్రకారం వచ్చేవారు కారు. అయినా ఆ ప్రయత్నం వల్లనే తాను కొంత మెరుగుపడ్డానని ఆయన నమ్మాడు.

1748లో, 42 ఏళ్ల వయసులో, అచ్చుకూటాన్ని భాగస్వామి డేవిడ్ హాల్‌కు అప్పగించాడు. ఇంకా సంపాదించే వీలున్నా, తనకు కావలసినది తీరిక అని నిర్ణయించుకున్నాడు. ఆ తీరిక సోమరితనానికి కాదు. మెరుపు విద్యుత్తేనని నిరూపించే మార్గం చూపాడు. పిడుగుల నుంచి ఇళ్లను కాపాడే కడ్డీని కనిపెట్టాడు. వ్యాపారంలో ఉండగానే 1731లో గ్రంథాలయాన్ని, 1736లో అగ్నిమాపక దళాన్ని ఏర్పరచిన ఆయన, 1751లో ఆసుపత్రి స్థాపనకు తోడ్పడ్డాడు. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన మీద, 1787 నాటి రాజ్యాంగం మీద సంతకం చేశాడు.

ఇంతటివాడి జీవితంలోనూ ఒక పెద్ద లోపం ఉంది. ఆయన ఇంట బానిసలుండేవారు. బానిసల అమ్మకాల ప్రకటనలను ఆయన పత్రిక అచ్చువేసింది. 13 గుణాల పట్టికలో ఆ తప్పుకు గడి లేదు. వృద్ధాప్యంలో ఆయన మనసు మారింది. 1787లో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆ దురాచారాన్ని తొలగించాలని 1790 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెసుకు విన్నపం పంపాడు. అదే సంవత్సరం ఏప్రిల్ 17న, 84 ఏళ్ల వయసులో మరణించాడు.

వేళకు లేవడం, వేళకు పనిచేయడం మంచి అలవాట్లే. అయితే ఆ కాలమంతా దేనికి వినియోగపడుతున్నదో రోజూ ప్రశ్నించుకోవడం అంతకంటె ముఖ్యం. ఫ్రాంక్లిన్ జీవితం ఈ రెండింటినీ నేర్పుతుంది.