ముందుచూపు – మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ఏ కార్యాన్నైనా సంకల్పించడం సులభం. దానికి ఎంత ధనం, ఎందరు మనుషులు, ఎంత కాలం కావాలో ముందుగా లెక్కకట్టి, ఆ లెక్క తప్పకుండా ముగించడం కష్టం. నేటి వ్యాపార సంస్థలు ఈ విద్యను ప్రాజెక్టు నిర్వహణ అనీ, సామర్థ్య ప్రణాళిక అనీ పిలుస్తున్నాయి. ఆ పేర్లు వాడుకలోకి రాకమునుపే ఆ విద్యను ఆచరించి చూపిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన 1861 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్ళి గ్రామంలో జన్మించారు. పూర్వీకులు మోక్షగుండం నుండి వలస వెళ్ళినవారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన విశ్వేశ్వరయ్య, పిల్లలకు పాఠాలు చెప్పి సంపాదించుకుంటూ బెంగుళూరులో పట్టభద్రులయ్యారు. పూనాలో ఇంజనీరింగు అభ్యసించి, 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరారు.

పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయంలో నీరు చాలని పరిస్థితి ఏర్పడినప్పుడు, ఆనకట్ట ఎత్తు పెంచడమే మార్గమని తోచడం సహజం. విశ్వేశ్వరయ్య మరొక మార్గం కనుగొన్నారు. వరద పెరిగినప్పుడు వాటంతట అవే తెరచుకొని, తగ్గగానే మూసుకొనే తలుపులను రూపొందించి, 1903లో అమర్చారు. కట్టను పెంచకుండానే జలాశయం అదనంగా నీటిని నిలుపుకోగలిగింది. ఉన్నదాని శక్తిని పూర్తిగా వినియోగించుకున్న తరువాతనే కొత్తదానికి వ్యయం చేయాలన్నది ఇందులోని నీతి.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలాది ప్రజలు మరణించారు. వేల ఇళ్ళు నేలమట్టమయ్యాయి. నిజాం ప్రభుత్వం ఆహ్వానించగా విశ్వేశ్వరయ్య 1909లో నగరానికి వచ్చారు. ఆయన ముందుగా కట్టడాలను గురించి ఆలోచించలేదు. వాన ఎంత కురిసింది, నీరు ఎంత వచ్చింది, నది ఎంత మోయగలదు అన్న మూడు ప్రశ్నలకు సమాధానాలు సేకరించారు. శంషాబాదులో ఒక్కరోజులోనే 12 అంగుళాలకు పైగా వాన కురిసిందనీ, నది ఎగువన ఉన్న 788 చెరువులలో 200కు పైగా తెగిపోయాయనీ తేలింది. సెకనుకు 4 లక్షల ఘనపుటడుగులకు మించిన ప్రవాహం నగరం నడుమ సాగిపోవలసి వచ్చింది. అంత నీటిని నగరం మోయలేదు కనుక, దానిని నగరానికి ఎగువనే ఆపాలని ఆయన నిర్ణయించారు. మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి జలాశయాలు నిర్మించాలని సూచించారు. ఆ విధంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ప్రాణాలు తీసిన నీరే నగరానికి తాగునీరయింది.

1909 చివర ఆయన మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజనీరుగా వెళ్ళారు. అక్కడ కావేరిపై కృష్ణరాజసాగర నిర్మాణాన్ని ప్రతిపాదించగా, అంత విద్యుత్తును కొనేవారెవరని ఆర్థిక శాఖ సందేహించింది. కోలారు బంగారు గనులకు ఎంత విద్యుత్తు అవసరమో ఆయన అంకెలతో నిరూపించారు. 1911లో పనులు మొదలయ్యాయి. అయితే దిగువన ఉన్న మద్రాసు ప్రభుత్వం 80 అడుగుల ఎత్తుకు, 11 టి.ఎం.సి.ల నిల్వకు మాత్రమే సమ్మతించింది. ఆనకట్టను ముందుముందు 124 అడుగులకు పెంచవలసి ఉంటుందని ఎంచి మైసూరు వారు పునాదిని వెడల్పుగానే వేశారు. మద్రాసు అభ్యంతరం చెప్పింది. ఆ వివాదం 1924 ఒప్పందం దాకా సాగింది.

గనులకు అదనపు విద్యుత్తు 1915 జూలైలో అందించాలన్నది గడువు. మలేరియా పీడిస్తున్న ఆ ప్రాంతంలో వేలాది కూలీలు దీపాల వెలుగులో రాత్రులు సైతం శ్రమించారు. ఏ అధికారి ఏ రోజుకు ఎంత పని ముగించాలో ముందే నిర్ణయించారు. గడువు తప్పలేదు. అయితే జలాశయం కన్నంబాడి గ్రామాన్ని ముంచివేసింది. ఎంతటి లాభానికైనా మూల్యం చెల్లించేవారు ఉంటారన్నది మరువరాని సత్యం.

1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేసిన కాలంలో ఆయన తలపెట్టిన భద్రావతి ఇనుప కర్మాగారం 1923లో ఉత్పత్తి ప్రారంభించింది. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధం ముగిసి ఇనుము ధర పడిపోయింది, కర్మాగారం నష్టాలపాలయింది. యుద్ధకాలపు గిరాకీని నమ్మి పెట్టిన పెట్టుబడి బరువైంది. తాను నాటిన మొక్కను విడిచిపెట్టక, విశ్వేశ్వరయ్య దాని పాలకమండలి అధ్యక్ష పదవిని స్వీకరించారు. 1929 వరకు వ్యయాన్ని తగ్గించి, స్థానికులకు శిక్షణనిచ్చి సంస్థను నిలబెట్టారు. లెక్క తారుమారైనప్పుడు దానిని తిరిగి వేయడం కూడా ప్రణాళికలో భాగమేనని ఆ సంవత్సరాలు నిరూపించాయి.

1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్నతో గౌరవించింది. నూరేళ్ళు నిండిన జీవితం 1962 ఏప్రిల్‌లో ముగిసింది. ఆయన పుట్టినరోజును దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 2020 అక్టోబరులో హైదరాబాదు వీధులు మళ్ళీ జలమయమయ్యాయి. వాన ఎంత, దారి ఎంత అన్న ఆయన ప్రశ్నను ప్రతి తరమూ తిరిగి వేసుకోవలసిందే. ఒక తరం వేసిన లెక్క మరొక తరానికి చాలదు.