హార్వే కుషింగ్

హార్వే విలియమ్స్ కుషింగ్ (ఏప్రిల్ 8, 1869 - అక్టోబరు 7, 1939) అమెరికాకు చెందిన ప్రసిద్ధ శస్త్రవైద్యుడు, రచయిత. ఆధునిక మెదడు శస్త్రచికిత్సకు ఆద్యులలో ఒకడు. శరీరంలో కార్టిసాల్ హార్మోను ప్రభావం మితిమీరినప్పుడు కలిగే కుషింగ్ సిండ్రోమ్‌కు ఈయన పేరే పెట్టారు.

జీవిత విశేషాలు

కుషింగ్ ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో వైద్యుల కుటుంబంలో జన్మించాడు. 1891లో యేల్ విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడై, 1895లో హార్వర్డ్ వైద్య కళాశాలలో వైద్యవిద్య పూర్తి చేశాడు. విద్యార్థి దశలో తాను ఈథరు మత్తు ఇచ్చిన ఒక రోగి మరణించడం ఆయనను కలచివేసింది. 1894లో సహవిద్యార్థి అమోరీ కాడ్‌మన్‌తో కలిసి, మత్తులో ఉన్న రోగి నాడిని, శ్వాసను నమోదు చేసే పట్టికలను రూపొందించాడు. తరువాత జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ వద్ద శిక్షణ పొందాడు. 1932 వరకు బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో ప్రధాన శస్త్రవైద్యునిగా పనిచేశాడు. 2,000కు పైగా మెదడు కణితులకు శస్త్రచికిత్స చేసి, ఆ రోగుల వివరాలను భద్రపరిచాడు. విలియం ఆస్లర్ జీవితచరిత్ర రచనకు 1926లో పులిట్జర్ బహుమతి లభించింది. 1939లో న్యూహేవెన్‌లో మరణించాడు.

కుషింగ్ సిండ్రోమ్

1912లో ప్రచురించిన గ్రంథంలో 23 ఏళ్ళ యువతి వ్యాధిలక్షణాలను కుషింగ్ వర్ణించాడు. 1932లో అటువంటి 12 మంది రోగులను వివరిస్తూ, పీయూష గ్రంథిలోని చిన్న కణితులే దీనికి మూలమని ప్రతిపాదించాడు. గుండ్రని ముఖం, పొట్ట భాగంలో కొవ్వు, చర్మంపై ఊదారంగు చారలు, అధిక రక్తపోటు దీని ముఖ్య లక్షణాలు.

కార్టిసోన్‌ను కీళ్ళవాతానికి మొదటిసారి వాడినది 1948లో, అంటే కుషింగ్ మరణించిన తొమ్మిదేళ్ళకు. అయితే నేడు ఈ సిండ్రోమ్ ఎక్కువగా కలిగేది స్టెరాయిడ్ మందులను దీర్ఘకాలం వాడటం వల్లనే.

వ్యాధుల వర్గీకరణలో స్థానం

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ పదవ కూర్పు (ఐసీడీ-10)లో కుషింగ్ సిండ్రోమ్ సంకేతం ఇ24. ఇందులో పీయూష గ్రంథి వల్ల కలిగేది ఇ24.0 కాగా, మందుల వల్ల కలిగేది ఇ24.2. కారణమైన మందును అదనపు సంకేతంతో సూచిస్తారు.

బయటినుండి స్టెరాయిడ్ అందుతున్నంత కాలం అధివృక్క గ్రంథులు తమ పనిని తగ్గించుకుంటాయి. మందును హఠాత్తుగా ఆపితే కార్టిసాల్ కొరత ఏర్పడి ప్రాణాపాయం కలుగవచ్చు. మందుల వల్ల కలిగే ఈ లోపానికి ఇ27.3 అనే వేరే సంకేతం ఉంది. కణితి ఉన్నవారికి సాధారణంగా శస్త్రచికిత్స చేస్తారు. మందుల వల్ల వ్యాధి వచ్చినవారికి వైద్యుని పర్యవేక్షణలో మోతాదును క్రమంగా తగ్గిస్తారు. అందువల్ల రోగి పత్రాలలో వ్యాధి పేరుతో పాటు దాని కారణాన్ని కూడా స్పష్టంగా నమోదు చేయడం అవసరం.