లోపం తెలిసినా లొంగని జో లూయిస్

1936 జూన్ 19 రాత్రి న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో ఎవరూ ఊహించని ఫలితం వెలువడింది. అప్పటివరకు వృత్తి బాక్సింగ్‌లో ఓటమి ఎరుగని 22 ఏళ్ల జో లూయిస్ పన్నెండో రౌండ్‌లో నేలకొరిగి మళ్లీ లేవలేకపోయాడు. గెలిచినవాడు జర్మనీకి చెందిన మాజీ ప్రపంచ ఛాంపియన్ మాక్స్ ష్మెలింగ్. వయసు మీరిందని, లూయిస్ ముందు నిలబడలేడని పత్రికలు తీసిపారేసిన యోధుడతడు. కానీ ఎవరి కంటా పడని ఒక చిన్న విషయం అతడి కంటపడింది.

అంతకు ఆరు నెలల ముందు స్పెయిన్ బాక్సర్ పౌలినో ఉజ్కుడున్‌ను లూయిస్ ఓడించినప్పుడు ష్మెలింగ్ రింగ్ పక్కనే కూర్చుని చూశాడు. ఆ తర్వాత లూయిస్ పోటీల ఫిల్ములను పదేపదే వేయించుకున్నాడు. లూయిస్ ఎడమచేతిని చాచి కొట్టి వెనక్కి తీసుకునేటప్పుడు ఆ చేయి భుజం కంటే కిందికి జారుతోందని గమనించాడు. ఆ రెప్పపాటులో అతడి ఎడమ దవడకు కాపు ఉండదు. ష్మెలింగ్ ప్రధానాయుధమైన కుడిచేతి పంచ్ వెళ్లి తగిలేది సరిగ్గా అక్కడికే. నాలుగో రౌండ్‌లో ఆ పంచ్ లూయిస్‌ను తొలిసారి నేలకూల్చింది. ఎనిమిది రౌండ్ల తర్వాత అదే పంచ్ పోటీని ముగించింది.

లోపం కనిపెడితే ఎంతటి యోధుడినైనా పడగొట్టవచ్చని ఆ రాత్రి రుజువైనట్టే అనిపించింది. కానీ లూయిస్ తదుపరి జీవితం ఆ నమ్మకానికి ఎంత పరిమితి ఉందో చూపింది.

పత్తి చేల నుంచి రింగ్‌కు

జోసెఫ్ లూయిస్ బారో 1914 మే 13న అలబామా రాష్ట్రంలోని లఫాయెట్ సమీపంలో జన్మించాడు. ఎనిమిది మంది సంతానంలో ఏడోవాడు. తల్లిదండ్రులు పరుల భూమిలో పంటలో వాటాకు పత్తి పండించే నల్లజాతి కుటుంబీకులు. లూయిస్ పసివాడుగా ఉన్నప్పుడే తండ్రి మానసిక చికిత్సాలయం పాలయ్యాడు. తల్లి మరో వివాహం చేసుకోగా, 1926లో కుటుంబం బతుకుతెరువు కోసం డెట్రాయిట్ చేరింది. మోటారు కార్ల కర్మాగారాల ఆ నగరంలోనే లూయిస్ బాక్సింగ్ నేర్చుకున్నాడు.

1932లో ఆడిన తొలి అమెచ్యూర్ పోటీలో అతడు ఏడుసార్లు కింద పడ్డాడు. రెండేళ్లు తిరక్కుండానే జాతీయ అమెచ్యూర్ లైట్ హెవీవెయిట్ విజేతగా నిలిచాడు. పడిన చోటే పాఠం నేర్చుకోవడం అతడికి మొదటినుంచీ ఉన్న లక్షణం. 1934 జులై 4న వృత్తి బాక్సింగ్‌లో ప్రవేశించాడు. మాజీ బాక్సర్ జాక్ బ్లాక్‌బర్న్ శిక్షణలో, మరుసటి ఏడాదే మాజీ ఛాంపియన్లు ప్రిమో కార్నెరాను, మాక్స్ బేర్‌ను మట్టికరిపించాడు.

అయితే నల్లజాతి బాక్సర్‌కు గెలుపొక్కటే చాలని రోజులవి. తొలి నల్లజాతి హెవీవెయిట్ ఛాంపియన్ జాక్ జాన్సన్ 1915లో టైటిల్ కోల్పోయాక, మరో నల్లజాతి యోధుడికి ఆ టైటిల్ కోసం తలపడే అవకాశమే దక్కలేదు. లూయిస్ ఓడిన ప్రత్యర్థిని చూసి సంబరపడకూడదని, శ్వేతజాతి స్త్రీలతో ఫొటోల్లో కనిపించకూడదని అతడి మేనేజర్లు కట్టడి చేశారు. ష్మెలింగ్ చేతిలో ఓటమి ఒక బాక్సర్ ఓటమిగా మాత్రమే మిగలకపోవడానికి కారణమిదే. ఆ రాత్రి అమెరికాలోని నల్లజాతి వాడలు శోకంలో మునిగాయి.

పూడ్చుకున్న లోపం

ఆ శిక్షణ శిబిరంలో లూయిస్ సాధన కంటే గోల్ఫ్‌పైనే ఎక్కువ మనసు పెట్టాడు. ఓటమి ఆ నిర్లక్ష్యాన్ని వదిలించింది. ఎడమచేయి కొట్టిన దారినే తిరిగి దవడ పక్కకు చేరేలా బ్లాక్‌బర్న్ సాధన చేయించాడు. 1937 జూన్ 22న షికాగోలో జేమ్స్ బ్రాడాక్‌ను ఎనిమిదో రౌండ్‌లో ఓడించి లూయిస్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అయినా ష్మెలింగ్‌ను ఓడించే వరకు తనను తాను ఛాంపియన్‌గా భావించలేదు.

1938 జూన్ 22న అదే యాంకీ స్టేడియంలో సుమారు 70 వేల మంది ఎదుట ఇద్దరూ మళ్లీ తలపడ్డారు. యుద్ధమేఘాలు కమ్ముకుంటున్న వేళ, నాజీ పార్టీ సభ్యుడు కాకపోయినా ష్మెలింగ్‌ను లోకం హిట్లర్ జర్మనీకి ప్రతినిధిగానే చూసింది. మొదటి గంట మోగగానే లూయిస్ మీదికి దూకాడు. ష్మెలింగ్ కుడిచేయి విసరడానికి కావలసిన దూరం, వ్యవధి రెండూ దొరకనివ్వలేదు. జర్మన్ యోధుడు మూడుసార్లు కూలాడు. దెబ్బల తీవ్రతకు వెన్నెముక ఎముక చిట్లింది. పోటీ 124 సెకన్లలో ముగిసింది. రెండేళ్ల క్రితం పనిచేసిన రహస్యం ష్మెలింగ్ వద్దే ఉంది. దాన్ని ప్రయోగించే అవకాశమే లేకపోయింది.

నలభై అయిదు నిమిషాల పరీక్ష

లూయిస్‌కు మరో బలహీనత ఉందని అందరికీ తెలుసు. అతడి పాదాలు నెమ్మది. చురుగ్గా పక్కలకు కదిలే ప్రత్యర్థిని అందుకోవడానికి ఇబ్బందిపడేవాడు. 1941 జూన్ 18న తనకంటే దాదాపు 11 కిలోలు తేలికైన బిల్లీ కాన్ దీన్ని చక్కగా వాడుకున్నాడు. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు నిర్ణేతల్లో ఇద్దరి లెక్కలో కాన్ ముందున్నాడు, మూడో వ్యక్తి లెక్కలో ఇద్దరూ సమానం. మిగిలిన మూడు రౌండ్లు అలాగే తప్పించుకు తిరిగితే టైటిల్ కాన్‌దే. కానీ పదమూడో రౌండ్‌లో అతడు నాకౌట్ కోసం నిలబడి తలపడ్డాడు. ఆ రౌండ్ మరో రెండు సెకన్లలో ముగుస్తుందనగా ఓడిపోయాడు.

లూయిస్ ప్రత్యర్థుల అసలు కష్టం ఈ పోటీలో స్పష్టమవుతుంది. నెమ్మది పాదాలను ఆసరా చేసుకుని గెలవాలంటే పదిహేను రౌండ్లు, అంటే నలభై అయిదు నిమిషాలు, ఒక్క పొరపాటూ చేయకూడదు. ఆ ఒక్క పొరపాటు దొరికితే లూయిస్‌కు కొన్ని క్షణాలు చాలు. అతి తక్కువ దూరం నుంచి, రెండు చేతులతో, వరుసగా కొట్టగల నేర్పు అతడిది. 1947 డిసెంబరులో జెర్సీ జో వాల్కాట్ అతడిని రెండుసార్లు పడగొట్టాడు. అయినా నిర్ణేతల్లో ఇద్దరు లూయిస్ వైపే మొగ్గారు. ఆ తీర్పు చాలామందికి నచ్చలేదు. మరుసటి జూన్‌లో పదకొండో రౌండ్‌లో వాల్కాట్‌ను పడగొట్టి లూయిస్ వివాదానికి తెరదించాడు.

సరిదిద్దుకోలేనివి

1942 జనవరిలో లూయిస్ సైన్యంలో చేరాడు. ఆ ఏడాది రెండు పోటీల్లో తనకు దక్కిన సొమ్మును నౌకాదళ, సైనిక సహాయ నిధులకు ఇచ్చేశాడు. 11 ఏళ్ల 8 నెలలు ఛాంపియన్‌గా ఉండి, వరుసగా 25 సార్లు టైటిల్ నిలబెట్టుకుని, 1949 మార్చిలో విరమించాడు. హెవీవెయిట్ విభాగంలో ఆ రికార్డును ఇప్పటికీ ఎవరూ దాటలేదు.

కానీ వడ్డీలు, జరిమానాలతో ఆదాయపు పన్ను బకాయి 5 లక్షల డాలర్లు దాటింది. దాన్ని తీర్చడానికే 36 ఏళ్ల వయసులో మళ్లీ గ్లవ్స్ తొడిగాడు. 1950 సెప్టెంబరులో ఎజార్డ్ చార్లెస్ పదిహేను రౌండ్లలో పాయింట్లపై గెలిచాడు. 1951 అక్టోబరు 26న 28 ఏళ్ల రాకీ మార్సియానో ఎనిమిదో రౌండ్‌లో అతడిని రింగ్ తాళ్ల అవతలికి పడగొట్టాడు. ఈ ఇద్దరికీ ష్మెలింగ్‌లా ఫిల్ములు చూసి లోపం వెదకాల్సిన అవసరం రాలేదు. చేతి వేగం తగ్గింది, వయసు పైబడింది. అదే అతడి చివరి పోటీ. వృత్తి జీవితం మొత్తంలో ఓడినవి ఈ రెండూ, ష్మెలింగ్ చేతిలో తొలి ఓటమీ మాత్రమే.

ఆ తర్వాత అప్పుల కోసం కుస్తీ ప్రదర్శనల్లో పాల్గొన్నాడు. లాస్ వేగాస్‌లోని ఒక కేసినోలో అతిథులను పలకరించే ఉద్యోగం చేశాడు. 1981 ఏప్రిల్ 12న, 66వ ఏట కన్నుమూశాడు. అధ్యక్షుడు రీగన్ ప్రత్యేక అనుమతితో ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక లాంఛనాల మధ్య అంత్యక్రియలు జరిగాయి. ఆ ఖర్చులో కొంత మాక్స్ ష్మెలింగ్ భరించాడు. యుద్ధం తర్వాత లూయిస్‌ను వెతుక్కుంటూ వచ్చి కలిసిన నాటి నుంచి వారిద్దరూ మిత్రులే.