ఎవరెస్ట్ కాదు, ఈవ్‌రిస్ట్

ప్రపంచంలో అన్నింటికన్నా ఎత్తైన శిఖరం పేరు బడి పిల్లలకూ తెలుసు. అయితే ఆ ఇంటిపేరు గల మనిషి దాన్ని అలా పలికేవారు కాదు. హవ్వను ఇంగ్లిష్‌లో ఈవ్ అంటారు కదా, ఆ ఈవ్‌తో మొదలుపెట్టి ‘ఈవ్‌రిస్ట్’ అనేవారు. మన దగ్గరే కాదు, ఆయన సొంత దేశంలోనూ నేడు ఆ పేరు తప్పుగానే నిలబడిపోయింది.

జార్జ్ ఎవరెస్ట్ 1790లో పుట్టారు. పదహారేళ్ల వయసులో ఈస్టిండియా కంపెనీ ఫిరంగి దళంలో చేరడానికి ఇండియా వచ్చారు. 1818లో హైదరాబాద్‌లో ఉన్న విలియం లాంబ్టన్‌కు సహాయకుడిగా నియమితులయ్యారు. మద్రాసులో 1802లో మొదలైన గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వేను నడిపిస్తున్నది లాంబ్టనే. కొత్త సహాయకుడికి అప్పగించిన పని కృష్ణా, గోదావరి నదుల మధ్య అడవుల్లో కొలతలు తీయడం. వానాకాలం, దోమలు, విషజ్వరం. 1819లో ఆయనతో పాటు బృందంలో చాలామంది మంచం పట్టారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. కోలుకోవడానికి ఆయన 1820లో కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కు వెళ్లాల్సి వచ్చింది. ఆ జ్వరం ఆయన్ని పూర్తిగా వదల్లేదు. తర్వాతి రోజుల్లో పరికరం ముందు కూర్చోవాలన్నా పక్కనున్నవాళ్లు ఎత్తి కూర్చోబెట్టాల్సిన స్థితి వచ్చింది.

1823లో లాంబ్టన్ చనిపోవడంతో సర్వే బాధ్యత ఆయనపై పడింది. 1830లో సర్వేయర్ జనరల్ అయ్యారు. కన్యాకుమారి నుంచి ముస్సోరీ కొండల దాకా దాదాపు 2,400 కిలోమీటర్ల రేఖాంశ చాపాన్ని 1841 నాటికి కొలిపించి, 1843లో పదవీ విరమణ చేశారు. అంగుళం తేడా వచ్చినా సహించని మనిషి. కోపిష్ఠి కూడా. తనను ఎవరో ‘కంపాస్‌వాలా’ అన్నందుకు పెద్ద రగడే చేశారని చెబుతారు. కొలతల్లో పట్టుదల ఎంతో, పేర్ల విషయంలోనూ అంతే. ఏ కొండకైనా, ఊరికైనా అక్కడి జనం పిలిచే పేరే పటంలో ఉండాలని తన కింద పనిచేసేవారికి నేర్పారు.

ఆ నియమాన్ని తప్పింది ఆయన శిష్యుడే. ఆండ్రూ వా తర్వాతి సర్వేయర్ జనరల్. దూరం నుంచి తీసిన కోణాలతో, రాధానాథ్ సిక్దర్ వంటి గణకుల లెక్కలతో పదిహేనో నంబరు శిఖరం 29,002 అడుగులని తేలింది. 1856లో వా ఆ శిఖరానికి తన గురువు పేరు ప్రతిపాదించారు. విదేశీయులకు నేపాల్ తలుపులు మూసి ఉన్నందున స్థానిక నామం తెలుసుకోలేకపోయామన్నది ఆయన సాకు. సాకే అనాలి. ఎందుకంటే ఉత్తర దిక్కున టిబెటన్లు పిలిచే చోమోలుంగ్మా అన్న పేరు, అక్షరాలు కాస్త మారినా, 1733లోనే పారిస్‌లో అచ్చయిన పటంలో ఉంది. నేపాల్‌లో బ్రిటిష్ రెసిడెంటుగా పనిచేసిన బ్రయన్ హాడ్జ్‌సన్ దేవధుంగ అన్న పేరు చెప్పారు. దాన్నీ తోసిపుచ్చారు.

తన పేరు పెట్టడం ఎవరెస్ట్‌కే నచ్చలేదు. 1857లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో అభ్యంతరం తెలిపారు. తన పేరు హిందీలోనూ, ఫార్సీలోనూ రాయడానికి కుదరదని, భారతీయుల నోరు తిరగదని ఆయన వాదన. ఇందులో ఆయన లెక్క తప్పింది. ఈవ్‌రిస్ట్ అని రాయడానికి తెలుగులో గానీ, హిందీలో గానీ అడ్డేమీ లేదు. తప్పంతా ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంది. చూసినవాళ్లకు ఏది తోస్తే అది పలికించే వర్ణక్రమం అది. ఆ శిఖరాన్ని ఆయన ఎన్నడూ చూడలేదనే చరిత్రకారుల అభిప్రాయం. ఆయన నివసించిన ముస్సోరీ ఇల్లు దానికి పడమట వందల కిలోమీటర్ల దూరంలో ఉంది.

1865లో సొసైటీ ఆ పేరుకే ఆమోదముద్ర వేసింది. మరుసటి ఏడాది డిసెంబరు 1న ఎవరెస్ట్ కన్నుమూశారు. ఇంగ్లండ్‌లోని హోవ్‌లో, సెయింట్ ఆండ్రూస్ చర్చి ఆవరణలో ఆయన సమాధి ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో నేపాల్ తన వైపు నుంచి సగర్‌మాథా అన్న పేరు ఖాయం చేసుకుంది. టిబెట్ వైపు మాత్రం చోమోలుంగ్మా ఎప్పుడూ మారలేదు.